శ్రావణంలో ఎత్తిన కూడు

శ్రావణ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం! పరాయి దేశపు సముద్రపొడ్డు పేట పాసిర్ రిస్ మీద పట్టపగలే చీకటి కమ్మింది. సముద్రం మీంచి ఉరుములు దొర్లుకుంటూ వస్తున్నాయి. దయ్యాలన్నీ అర్ధరాత్రి దాకా ఆగుతాయనుకోవడం వట్టి అమాయకత్వం. మిట్టమధ్యాహ్నం కూడా వాటి వేళేనని మన ముసలమ్మలందరికీ తెలుసు. ఆ వేళప్పుడు, కంప్యూటర్ క్లాసు మధ్యలో ఎగ్గొట్టి వచ్చిన కీర్తిక తను అద్దెకుంటున్న ఫ్లాటు ఇనుప గేటు ముందు నిలబడింది. లోపలినుంచి గుగ్గిలం పొగ వస్తోంది.

అనుమానం పెనుభూతం అంటారు. కీర్తికది ఉత్త అనుమానమో, అసలు భూతమో ఇవాళ తేలిపోవాలి.

ఆమెతో పాటు జావా నేర్చుకోవడానికి వచ్చిన నవత తెనాలి పిల్ల, వాగుడుకాయ. శ్రావణం మొదలైనప్పటినుంచి మూగనోము పట్టింది. అన్నం ముట్టదు. జుట్టు దువ్వదు. ఒకనాడు గోడకేసి చూస్తూ... కరకు మగగొంతుతో... మర్నాటి పరీక్షలో రాబోయే ప్రశ్నలన్నీ వరసగా చెప్పింది! అవే వచ్చాయి. ఆ సంగతి విన్నప్పుడు, గదిని వాళ్లకు అద్దెకిచ్చిన జనార్దన్ అంకుల్ మొహంలో కంగారు కనిపించలేదు. ఆశ కనిపించింది. కీర్తికకు అనుమానం పుట్టింది అక్కడే.

కీబోర్డు ముట్టుకున్న ప్రతివాడికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరుకుతున్న ఆ రోజుల్లో, ఒక్క ఇంటర్వ్యూ కూడా గట్టెక్కని మహానుభావుడు జనార్దన్.

ఆ అనుమానం ఈ పొద్దున ముదిరింది. మనకు శ్రావణం నోముల మాసం. ఇక్కడి చైనావాళ్లకు ప్రేతాల మాసం. దిక్కులేని చచ్చినవాళ్ల కోసం ఫుట్‌పాత్ అంచున అన్నమూ నారింజపళ్లూ పెట్టి అగరొత్తులు వెలిగిస్తారు. దాన్ని ఎవరూ తొక్కరు, తాకరు. క్లాసుకు బయల్దేరిన కీర్తిక కళ్లముందే జనార్దన్ వంగి, ఆ అన్నాన్ని టిఫిన్ డబ్బాలోకి ఎత్తుకున్నాడు. ఎదురు ఫ్లాటు లిమ్ ఆంటీ పరుగున వచ్చింది.

"నో లా, అంకుల్. దట్ ఫుడ్ నాట్ యువర్స్. ఆల్ ది హంగ్రీ ఘోస్ట్స్ షేర్ వన్." ఆకలి దయ్యాలన్నింటిదీ ఉమ్మడి కూడట అది.

"దిక్కులేనివాళ్ల కూడేగా, అడిగేదెవరు?" అని తెలుగులో గొణుక్కుంటూ అతను లిఫ్టెక్కాడు.

క్లాసులో కూర్చుందేగానీ కీర్తిక మనసు నిలవలేదు. అందుకే తిరిగొచ్చింది. గేటు తాళం తీసింది.

హాల్లో చదువుకునే బల్ల పక్కకు జరిగి ఉంది. నేలమీద పసుపు ముగ్గు... ముగ్గు నడుమ కుంకుమ పులిమిన మనిషి కపాలం! జనార్దన్ ప్రెషర్ కుక్కర్లో దాచి విమానంలో తెచ్చిన ఘనకార్యం అది. సామాను తనిఖీ చేసినవాళ్లు ఆవకాయ జాడీ వాసన చూసి తుమ్ముతూ కుక్కర్ సంగతి మరిచిపోయారట. కపాలం ఎదుట జుట్టు విరబోసుకుని నవత, పక్కన జనార్దన్ కూర్చున్నారు. ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అంకుల్... నవతనేం చేస్తున్నారు?"

"అరవమాక. కదిలావంటే నీకూ ఇదే గతి," అన్నాడు జనార్దన్ తలెత్తకుండా. "ప్రేతాన్నంలో మొదటి ముద్ద నాది, రెండోది దీనిది. అది దిగిందంటే కర్ణపిశాచి దీని గొంతులో కాపురం పెట్టుద్ది. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో ముందే చెప్పుద్ది."

"మరి నవత?"

"నవత ఇంక ఉండదు."

అసలీ తంతుకు కావలసింది శ్మశానంలో ఒక్క శవానికి పెట్టిన పిండం. పేరూ గోత్రమూ ఉన్న ప్రేతం చెప్పుచేతల్లో ఉంటుంది. ఇక్కడి దహనశాలకేమో అద్దాల తలుపులూ కాపలావాళ్లూ! అందుకని ఏ కూడైతేనేం అనుకున్నాడు మూర్ఖుడు. ఆ కూటికి వాటాదారులు ఎందరో అతను ఆలోచించలేదు.

బీజాక్షరాలు ఘోషిస్తూ మొదటి ముద్ద మింగాడు. రెండోది నవత పెదవులకు ఆనించాడు... కీర్తిక ఒక్క దూకున వెళ్లి నవత నోటిని అరచేత్తో మూసేసింది. నవత కొరికింది! పళ్లు దిగి నెత్తురు కారింది. కీర్తికకు ప్రాణం పోయినంత పనైంది, అయినా చెయ్యి తియ్యలేదు.

పిడుగు పడింది... దీపం కొండెక్కింది. ఇనుప గేటు దానంతటదే దడదడలాడింది. వరండా నిండా కాళ్ల చప్పుడు... మనిషి మాత్రం ఒక్కడూ లేడు! చలిగాలి హాల్లోకి తోసుకొచ్చింది.

"వాళ్లొచ్చారు... నన్ను పోనీ..." అని నవత గొంతులో మగగొంతు ఏడ్చింది. కపాలం నిలువునా పగిలింది. కర్ణపిశాచి పారిపోయింది. నవత స్పృహ తప్పి కీర్తిక ఒళ్లో వాలిపోయింది.

జనార్దన్ మాత్రం తింటూనే ఉన్నాడు. డబ్బాలో అన్నం అయిపోయింది. నేలమీది పసుపు... నిమ్మకాయలు... గుగ్గిలపు నిప్పులు... దొరికిందల్లా నోట్లో కుక్కుకున్నాడు. మింగేకొద్దీ పొట్ట వీపుకు అంటుకుపోయింది! బుగ్గలు లోపలికి కూలాయి. "చాలదు... చాలదు..." ఆ మాట అతని ఒక్కడి గొంతులోంచి రాలేదు. వందల గొంతుల్లోంచి వచ్చింది. కాసేపటికి ముగ్గులో మిగిలింది ఎముకల మీద చర్మం కప్పిన శవం.

పోలీసులొచ్చేలోగా లిమ్ ఆంటీ ఇద్దరినీ తన ఫ్లాటులోకి లాక్కెళ్లింది. కీర్తిక చేతికి కట్టుకట్టింది. కళ్లు తెరిచిన నవతకు గిన్నెడు గంజి పెట్టింది. నవత ఆబగా తాగుతోంది... ఒక చెంచా... ఇంకోటి... తింటున్నది నవతేనా? రెండో ముద్ద మెతుకు ఒక్కటైనా లోపలికి జారిందా? స్నేహితురాలి పక్కన కూర్చోవడానికే కీర్తికకు భయమేసింది.

సగం గిన్నె దగ్గర నవత చెంచా కింద పెట్టింది.

"చాల్లేవే, ఇంక పట్టదు నాకు."

కీర్తిక ఆమెను పట్టుకుని భోరున ఏడ్చింది.