ఉప్పునీళ్లు తాగిన చెట్లు

పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టి, రెబెక్కమ్మ బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఆ పల్లెలో బొప్పాయి పెంచడం తేలిక కాదు. అయినా ఆవిడ ఏడు చెట్లను కాపుకు తెచ్చింది. గింజల మీది జిగురు పోయేలా బూడిదతో రుద్ది, కవర్లలో మొలకెత్తించి, జానెడు ఎదిగాక మట్టి ఎత్తు చేసి నాటింది. బొప్పాయి వేరుకు తడి కావాలిగానీ నీళ్లు నిలవకూడదు. పూత వచ్చాక పోతు చెట్లన్నీ పీకేసి ఒక్కటే ఉంచింది. మోకాళ్లు సలుపుతున్నా రెండు పూటలా చేతిపంపు కొట్టి, ఒక్కో చెట్టుకు ఒక్కో బకెట్ పోసేది.

రెండు నెలలుగా ఆ చెట్లు ఆవిడను ఏడిపిస్తున్నాయి. ఆకుల అంచులు కాలినట్టు నల్లబడుతున్నాయి. పిందెలు పిడికెడైనా కాకుండానే రాలిపోతున్నాయి.

"అంట్ల నీళ్లు పోసుంటావు," అన్నాడు భర్త సంజీవరావు, వరండాలో పేపరు మీంచి తల ఎత్తకుండా. ఆయన రిటైరైన బడిపంతులు.

"లేదండీ. పంపు నీళ్లే పోస్తా ఉండా."

"అయితే చాలడం లేదు. ఇంకో బకెట్ పొయ్యి."

సరేనని రెబెక్కమ్మ ఇంకో బకెట్ నింపింది. కుంటుకుంటూ మోసుకొస్తుంటే కోడలు ఫేబీ ఎదురొచ్చి బకెట్ పిడి పట్టుకుంది.

"పొయ్యబాకండి అత్తా."

"ఏందమ్మా?"

"ఆ నీళ్లు ఒకసారి నోట్లో పోసుకుని చూడండి."

తాగడానికి ఇంట్లో కుళాయి ఉంది. పంపు నీళ్లు చెట్లకూ బట్టలకూ మాత్రమే. ఈమధ్య నురగ రాకపోతే సబ్బు మంచిది కాదనుకుంది రెబెక్కమ్మ. ఇప్పుడు దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, ఉప్పు తగలగానే ఉమ్మేసింది.

గోడ వెనకే కొడుకు గిద్యోను రొయ్యల గుంట. నాలుగు నెలల కిందట తవ్వేటప్పుడు ఆవిడ అడ్డం పడింది. ఉప్పుకాలవ నీళ్లు పెట్టనని, మంచినీళ్లతోనే పెంచుతానని అమ్మ చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు గిద్యోను.

"మొదట మంచినీళ్లే పెట్టినాడత్తా," అంది ఫేబీ మెల్లగా. "రొయ్య ఎదగడంలేదని కాలవ నుంచి పైపు ఏసినాడు. ఆ ఉప్పు భూమిలోకి దిగి పంపులోకి వచ్చేసింది. మీతో చెప్పొద్దంటే నేనూ నోరు మూసుకున్నా. మీరిట్లా మోస్తా ఉంటే ఇంక చూడలేకపోయినా."

"మీ మామకు తెలుసా?"

"స్థలం మామ పేరు మీద ఉంది గదా. పైపుకు పర్మిషన్ కాగితాల మీద సంతకం పెట్టింది ఆయనే."

రెబెక్కమ్మ బకెట్ అక్కడే దించింది. రెండు గ్లాసుల నిండా పంపు నీళ్లు పట్టింది. తండ్రీకొడుకులు ఇడ్లీలు తింటున్న చోటికి వెళ్లి వాళ్ల ముందు పెట్టింది.

"తాగండి."

గిద్యోను గ్లాసు ముట్టుకోలేదు. సంజీవరావు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి తల వంచుకున్నాడు.

"అమ్మా, ఈ ఒక్క పంట చేతికి రానీ," అన్నాడు గిద్యోను. "ముప్పై రెండేళ్లొచ్చినా ఏ పనిలోనూ నిలవలేదని నాన్న నన్ను అనని రోజు లేదు. చెట్లు మళ్లీ పెట్టుకోవచ్చు. ఏడు చెట్లే గదా."

"చెట్ల కోసం గాదురా."

"వాడు నిలదొక్కుకుంటాడని పెట్టినా సంతకం," అన్నాడు సంజీవరావు. "చెప్తే నువ్వు ఒప్పుకోవని..."

"ఒప్పుకోను. అరుస్తాను, ఏడుస్తాను, అన్నం మానేస్తాను. ఆ ఒక్క పూట నన్ను భరించలేక రెండు నెలలు నా చేతనే ఉప్పునీళ్లు పోయించినారు. ఇంకో బకెట్ పొయ్యమని ఇందాక గూడా చెప్పినారే మీరు. నా చెయ్యే మంచిది గాదేమోనని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా?"

సంజీవరావు ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టాడు.

అప్పుడు రెబెక్కమ్మకు పక్కింటి పోలేరమ్మ గుర్తొచ్చింది. పోలేరమ్మ భర్త చేపల వేటకు పోతాడు. వాళ్లకు కుళాయి లేదు, తాగడానికి కూడా పంపే దిక్కు. పది రోజుల కిందట ఆమె వచ్చి, నీళ్లు తేడాగా ఉన్నాయని, గుంట వల్లేమోనని అంటే రెబెక్కమ్మ కసిరి పంపింది. మా వాడు మాట తప్పే మనిషి కాదంది. ఆ రోజు పంపు కొట్టి ఒక్క చుక్క నోట్లో వేసుకోవడానికి ఆవిడకే మనసు రాలేదు.

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది.

"ఊళ్లో చెప్పబాక," అన్నాడు సంజీవరావు వెనకనుంచి. ఆవిడ ఆగలేదు.

పోలేరమ్మ మెయిన్ రోడ్డు కుళాయి నుంచి తెచ్చిన బిందె దించుతోంది. రెబెక్కమ్మ గడపలో కూలబడి, ఉన్నదంతా చెప్పింది. కొడుకు పేరూ, భర్త సంతకమూ దాచలేదు.

పోలేరమ్మ బిందె అంచు తుడిచింది. "ఆ రోజే మీరొక గుక్క తాగి చూసుంటే సరిపోయేది గదక్కా," అంది. "ఎండలో రోజూ నాలుగు బిందెలు మోస్తా ఉండాను."

ఆ మాటతో రెబెక్కమ్మకు ఏడుపు ఆగలేదు. పోలేరమ్మ ఓదార్చనూ లేదు, పొమ్మననూ లేదు.

గేటు దగ్గర సంజీవరావు వచ్చి నిలబడ్డాడు. "సంతకం నాదమ్మా," అన్నాడు పోలేరమ్మతో. "ఇప్పుడే పైపు పీకెయ్యమంటే వాడు వినలేదు. దాన్ని తీయించమని మండలాఫీసుకు నేనే అర్జీ రాస్తాను."

"రాస్తానని ఇంటికి పోతే రాయలేరు," అంది రెబెక్కమ్మ. "ఇక్కడే రాయండి. నేను గూడా సంతకం పెడతా."

పోలేరమ్మ లోపలికి వెళ్లి కూతురి నోటుబుక్కూ పెన్నూ తెచ్చింది. సంజీవరావు అరుగు మీద కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాయసాగాడు. గుంట ఎవరిదో రాయాల్సిన చోట ఆయన చెయ్యి ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఓ కన్నీటి చుక్క కాగితం మీద పడింది.

రెబెక్కమ్మ కాగితం తీసుకుని కొంగుతో అద్దింది. మళ్లీ ఆయన ఒళ్లో పెట్టి, పక్కనే కూర్చుంది.

"రాయండి," అంది. "మన పిల్లోడే. మనమే రాయాల."