ఎవరూ బయటికి పోని గది

స్టీలు తలుపు ధడాలున మూసుకుంది. ఏజెంట్ భుజంతో రెండుసార్లు గుద్దాడు. నొప్పెట్టింది భుజమే.

ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ‘నిదానం’ అంటారు. అతను చిక్కుకున్న రికార్డింగ్ బూత్‌కి కిటికీ లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. గోడకి బిగించిన టాబ్లెట్ ఒక్కటే వెలుగుతోంది.

“తలుపు మీద కోపమెందుకు?” స్పీకర్‌లో ముత్యాల మేడమ్ నవ్వింది. అటు విదేశీ ముఠాకీ ఇటు డిపార్ట్‌మెంట్‌కీ సమాచారం మోసే అందగత్తె. “నాలుగింటికి ఆన్‌లైన్‌లో ఒక లైవ్ ఆడియో రూమ్‌లో ముఠా నాయకుడు సిగ్నల్ ఇస్తాడు. వాటర్ ప్లాంట్‌లో వాళ్ల మనిషి క్లోరిన్ గ్యాస్ వాల్వు తెరుస్తాడు.”

ఆ ప్లాంట్‌లో పగటి షిఫ్టు ఇంజినీరు నిదానం అక్క.

“ఆపే కోడ్ ‘నీలం గొడుగు’. ఎవరు చెప్పినా ఆగిపోతారు. ఎదురు ప్రశ్న వాళ్ల రూల్స్‌లో లేదు.”

“ఏ రూమ్?”

“అదీ నేనే చెప్పాలా? గెలిస్తే నేను సాయం చేశానని మీవాళ్లకి చెప్పు. ఓడితే నిన్ను బంధించానని మావాళ్లకి నేను చెప్పుకుంటా.”

స్పీకర్ ఆగిపోయింది. టైమ్ మూడు యాభై రెండు.

టాబ్లెట్ ముఠా ఐడీతో లాగినై ఉంది, ఆ ఒక్క యాప్ తప్ప ఇంకేదీ తెరుచుకోదు. నలభై లైవ్ రూముల జాబితా. హోస్ట్ లోపలికి రానిచ్చేసరికి నాలుగైదు నిమిషాలు. ఒకటి తప్పైతే మరోదానికి టైమ్ లేదు.

‘బరువు తగ్గుదాం’. ‘జుట్టు రాలుతోందా?’ ‘అత్తగారితో వేగడం ఎలా?’ దేన్ని చూసినా అనుమానమే. గోడలు మీదికొస్తున్నట్టు ఊపిరాడలేదు. పొద్దున అక్క ఫోన్ చేస్తే విసుక్కుని పెట్టేశాడు. అది తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

పేర్లు వదిలేసి, రూమ్‌లో ఎంతమందున్నారో చూపే పక్క అంకెలు చూశాడు. జుట్టు రూమ్‌లో నూట పది, నూట మూడు, నూట పద్దెనిమిది. జనం అన్నాక వస్తారు, విసుగొస్తే పోతారు. ‘స్వెట్టర్ అల్లిక’లో మాత్రం తొమ్మిది. రెండు నిమిషాలైనా తొమ్మిదే. నాయకుడు వెళ్లమనేదాకా ముఠాలో ఎవడూ కదలకూడదు.

నొక్కాడు. ‘హోస్ట్ అనుమతి కోసం ఆగండి.’ యాభై ఆరు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిదికి రూమ్ తెరుచుకుంది.

“వాల్వు మీద చెయ్యి వేశాను, చెప్పండి,” అంటోంది ఒక గొంతు.

“నీలం గొడుగు!” అరిచాడు నిదానం.

“సరే. చెయ్యి తీసేశాను.”

ఒక్కొక్కరే మాయమయ్యారు. నిదానం నేల మీద కూలబడ్డాడు. అక్క బతికింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“ఎందుకు నాయనా ఏడుస్తున్నావు?” రూమ్‌లో ఇంకా ఒకావిడ ఉంది. “మూడు వారాలుగా టైముకొచ్చి, నోరెత్తకుండా కూర్చున్నాను. ఈ మాస్టారు వాల్వులంటాడే గానీ స్వెట్టర్ చెయ్యి చెప్పడే!”

కదలదు, ప్రశ్నించదు. ముఠా ఆవిడని తమ మనిషే అనుకుంది!

“అమ్మా, నన్ను గదిలో పెట్టి తాళం వేశారు. ఒక నంబరు చెప్తాను, అర్జెంటుగా ఫోన్ చెయ్యండి. మా అక్క ప్లాంట్‌లో దొంగవెధవ ఉన్నాడని చెప్పాలి!”

“అయ్యో, చేస్తాలే నాయనా,” అందావిడ. “ఈ అల్లిక వరస పూర్తి కానీ.”