ఆఖరి తాళపత్రాల కట్ట

"నేను దొంగను కాదండీ!"

గుమ్మంలోనే ఆ మాట అనేసి ఏడుపు అందుకుంది హారతి. డిటెక్టివ్ వీరవేణి కుర్చీ చూపించింది. "ముందు కూర్చో అమ్మా. ఏడవడానికైనా కూర్చుంటేనే సుఖం."

అసిస్టెంటు ప్రసన్నకుమార్ ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. మేడమ్ తుమ్మినా రాసుకునే రకం.

మొగల్తూరు దగ్గరి ఓ పల్లెలో పాత గ్రంథాలయం ఉంది. అక్కడి నూట పన్నెండు తాళపత్రాల కట్టలను ఒక యూనివర్సిటీతో కలిసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. నాలుగు నెలలుగా స్కానర్ దగ్గర హారతి ఒక్కతే. ఎనిమిది రోజుల కిందట ఆఖరి కట్ట మాయమై పని ఆగిపోయింది. గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి హారతి దగ్గర, రెండోది గ్రంథాలయం చూసుకునే శ్రీరామమూర్తి దగ్గర.

"రేపు సాయంత్రానికి దొరక్కపోతే నామీద కేసు పెడతారటండీ. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అన్న పేరుతో ఎలా బతకను?"

మర్నాడు వీరవేణి, ప్రసన్నకుమార్ రాజమండ్రి నుంచి ఆ పల్లెకు వెళ్ళేసరికి శ్రీరామమూర్తి గేటు దాకా ఎదురొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. కొబ్బరినీళ్ళిచ్చి, భోజనం చేసి వెళ్ళమని మూడుసార్లు చెప్పాడు. ప్రసన్నకుమార్ సందర్శకుల పుస్తకం తిరగేశాడు. నాలుగు నెలలూ హారతి సంతకమే, ఈ ఎనిమిది రోజులూ అదీ లేదు. అంతకు ముందు రెండేళ్ళు తెల్లకాగితాలు.

"హారతి తీసిందంటారా?" అడిగింది వీరవేణి.

"ఛఛ! బంగారం లాంటి పిల్లండీ."

"మరెవరు?"

"వీటిని ఎత్తుకుపోవాలనుకునేవాడు ఈ ఊళ్ళో ఉంటే సంతోషించేవాణ్ణమ్మా."

ఆవిడ నవ్వలేదు. కిటికీ గట్టు మీద నల్లబడిన దూది ఉండను తీసి వాసన చూసింది. నిమ్మగడ్డి నూనె. స్కాన్‌కు ముందు ఆకులు తుడిచేది దానితోనే. దూది ఇంకా తడిగా ఉంది. తర్వాత స్కానైన కట్టల బీరువా తెరిచింది. అన్నిటి మీదా పల్చగా దుమ్ము, ఒక్కదాని మీద తప్ప.

సాయంత్రం యూనివర్సిటీ తరఫున ఉదయ్‌భాస్కర్ ఫిర్యాదు కాగితంతో వచ్చాడు. వీరవేణి హారతిని కూడా పిలిపించి అందరినీ కూర్చోబెట్టింది.

"దొంగ అయితే కట్టను అమ్ముకుంటాడు. కూర్చుని నూనె రాస్తాడా? ఎనిమిది రోజులుగా పని లేని గదిలో దూది తడిగా ఉంది. ఆకులు ఎండి విరిగిపోతాయని బెంగపడ్డ మనిషి చేసిన పని అది." దుమ్ములేని కట్టను తీసి గుడ్డ విప్పింది. ఒకే గుడ్డలో రెండు కట్టలు! "స్కానైపోయినదాన్ని మళ్ళీ ఎవరూ విప్పరు. ఆ సంగతి తెలిసి, హారతి రాని ఈ ఎనిమిది రోజుల్లో గది తెరవగలిగింది శ్రీరామమూర్తిగారొక్కరే."

"ఎందుకండీ ఈ పని?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"ఇదీ అయిపోతే మెషీను పట్టుకుపోతారు కదండీ." శ్రీరామమూర్తి తల ఎత్తలేదు. "నాలుగు రోజులు వెతుకుతారు, ఆ నాలుగు రోజులూ మనుషులుంటారనుకున్నాను. నీ మీదకు వస్తుందనుకోలేదమ్మా హారతీ. తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు."

ఉదయ్‌భాస్కర్ అక్కడే ఆఫీసుకు ఫోన్ చేసి, కట్ట దొరికిందనీ హారతి తప్పేమీ లేదనీ చెప్పి, ఫిర్యాదు చింపేశాడు.

"నన్ను దొంగను చేశారు కదండీ మాస్టారూ," అంది హారతి. చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. తర్వాత స్కానర్ ఆన్ చేసింది. "ఆకులు మీరు అందివ్వండి."

అరవై ఆకులు. అరగంట పని. ఆయన ఒక్కో ఆకునూ రెండుసార్లు తుడిచి, అందులో ఏముందో చదివి వినిపించి మరీ అందించాడు. చీకటి పడేదాకా సాగింది. ఉదయ్‌భాస్కర్ గడియారం చూసుకోబోయి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.