స్టీలు డబ్బాలో పది నిమిషాలు

"ఏమండీ యాంటెనా గారూ, మీ మిషన్‌కి చత్వారం వచ్చినట్టుంది!"

మందుల గోడౌన్‌లో ఆమె నాతో అన్న మొదటి మాట అది. ప్రతి పెట్టెకీ ఆర్‌ఎఫ్‌ఐడీ అనే రేడియో ట్యాగు అతికించి, గుమ్మాల దగ్గరా అరల దగ్గరా దాన్ని చదివే రీడర్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరుని నేను. ఆమె అక్కడ స్టోర్ కీపర్. ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేది.

"మా సిస్టమ్ నిమిషంలో వెయ్యి పెట్టెలు చదువుతుందండీ," అన్నాను గొప్పగా.

"అలాగా? ఈ సెలైన్ సీసాల వెనక ఒకటి పెట్టాను. చదవమనండి చూద్దాం."

చదవలేదు. నీళ్లు సిగ్నల్‌ని మింగేస్తాయని నాకు తెలుసు. కానీ ఆమె ముందు ఒప్పుకోవడానికి నామోషీ.

"సెట్టింగ్ చూడాలి," అని నసిగాను.

కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి పడిపోయాను, దాచడం దేనికి!

నెల రోజుల ట్రయల్ అది. నచ్చితే వాళ్ల నలభై గోడౌన్ల కాంట్రాక్టూ మా కంపెనీకే. స్టాఫ్ బ్యాడ్జీల్లో కూడా ట్యాగులు పెట్టాం. ఎవరు ఎక్కడ ఎంతసేపు నిలబడ్డారో మేనేజర్ స్క్రీన్ మీద కనిపిస్తుంది.

"నీ పుణ్యమా అని, నీతో రెండు మాటలు మాట్లాడినా మేనేజర్‌కి తెలిసిపోతుంది," అంది ఒక మధ్యాహ్నం. అప్పటికి మేం 'నువ్వు'ల్లోకి దిగాం.

ఆమె స్టీలు లంచ్ డబ్బా తీసుకుని, బ్యాడ్జీ అందులో పడేసి మూత పెట్టాను. స్టీలు దాటి సిగ్నల్ రాదు.

"ఇప్పుడు నువ్వు లోకంలోనే లేవు."

"అమ్మ దొంగా!" అంది.

అప్పట్నుంచి రోజూ పది నిమిషాలు వెనక మెట్ల మీద మావే. ఒకరోజు వాన. రేకు కింద ఇద్దరికీ చోటు చాలక భుజాలు తగిలాయి.

"ఆదివారం మా ఇంటికి రా. అమ్మకి నీ గురించి చెప్పేశాను," అంది.

శుక్రవారం ఖరీదైన ఇంజెక్షన్ల పెట్టె ఒకటి కనిపించలేదు.

మేనేజర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"రోజూ పది నిమిషాలు స్క్రీన్ మీంచి మాయమవుతున్నావ్. ఎక్కడికెళ్తున్నావమ్మా?"

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే.

నేను చెప్పాల్సింది ఎంత? బ్యాడ్జీ దాచడం నేర్పింది నేనే, ఆ పది నిమిషాలూ నాతోనే ఉంది. అంతే. చెబితే కాంట్రాక్టు గోవిందా, నా ఉద్యోగమూ గోవిందా. స్క్రీన్ వైపు తల తిప్పేసుకున్నాను.

"సిస్టమ్‌లో తప్పుండే అవకాశం ఉందా?" అని నన్నడిగాడు.

"లేదు సార్."

"అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఆమెతో.

ఆమె నా ఊసెత్తలేదు. బ్యాడ్జీ టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. డబ్బా మెట్ల మీదే ఉండిపోయింది. ఆ ఆదివారం ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

సోమవారం పెట్టె నాకే దొరికింది, సెలైన్ సీసాల వెనక. మొదటి రోజు ఆమె చూపించిన చోటే. చేత్తో వెతికే మనిషిని పంపేశాం కదా, ఇంకెవరు చూస్తారు?

అప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. ఎవరూ చూడకుండా పెట్టెని ముందుకి జరిపాను. రీడర్ కుయ్‌మంది.

"సిస్టమే పట్టేసింది! రేపటి వ్యాపారమంతా దీనిదేనయ్యా!" అని మేనేజర్ చప్పట్లు కొట్టాడు.

నలభై గోడౌన్లూ మాకొచ్చాయి. నాకు ప్రమోషన్. సిగ్గులేని వెధవని, కేకు కూడా కోశాను. ఆమెను మళ్లీ రమ్మని మేనేజర్ కబురు పెట్టాడు. రాలేదు.

మరుసటి ఆదివారం డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమే తలుపు తీసింది.

"పెట్టె దొరికింది," అన్నాను.

"సెలైన్ వెనకేగా?"

తలదించుకున్నాను. "నువ్వంటే నాకు ప్రాణం. తప్పయిపోయింది. రేపే అందరి ముందూ నిజం చెప్పేస్తా. మనం పెళ్లి చేసుకుందాం."

"పెట్టె మీ మిషన్‌కి కనిపించలేదు, సరే. నేను నీ పక్కనే నిలబడ్డాను కదా! నీకూ కనిపించలేదా?"

నా చేతిలోంచి డబ్బా తీసుకుంది.

లోపల్నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "ఎవరే? ఆ యాంటెనా అబ్బాయేనా? పోయిన వారం కూడా వండి పెట్టుకు కూర్చున్నాను, లోపలికి రమ్మను!"

"ఎవరూ లేరమ్మా," అంది ఆమె, నా కళ్లలోకి చూస్తూనే.

తలుపు వేసేసింది.