గైడ్‌లో రాయని పేరు

“శత్రువు కంప్యూటర్లలో దూరి, పన్నెండింటికి పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలుస్తాడు. ఆపాలి,” అన్నాడు చీఫ్ బాపిరాజు.

“ప్లాంటు బంద్ చేయిస్తే?”

“శత్రువు పసిగట్టి మిగతా నలభై ఫ్యాక్టరీల మీద పడతాడయ్యా. అన్నిట్లో అదే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. ఎవరికీ చెప్పకు.”

ఏజెంట్ చంద్రకాంత్ గడియారం చూసుకున్నాడు. ఆ మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లోనే అతని అక్క మొగులమ్మ పనిచేస్తోంది.

దసరా ఆయుధపూజ. పెట్టుడు గడ్డం, పంచె మడతలో ట్రాన్స్‌మీటర్. పంతులు వేషంలో కంట్రోల్ రూమ్ చేరాడు. కంప్యూటర్లకు పసుపు, బంతిపూలు. పూజయ్యాక సాయంత్రం దాకా కీబోర్డు ఎవరూ ముట్టరు. శత్రువు ముహూర్తం అదే.

మొగులమ్మ కుంకుమకు చెయ్యి చాపింది. “మా తమ్ముని లెక్కనే ఉన్నవ్ పంతులూ! గిట్లనే చెమటలు కారుస్తడు.”

అతను కుంకుమ పెట్టి మొహం తిప్పుకున్నాడు. ఆమె అన్నం తినడానికి రియాక్టర్ షెడ్డు పక్కకే వెళ్లింది.

ఆపరేటర్ ఐలన్నను అడిగాడు. “సాఫ్ట్‌వేర్‌తోని వచ్చే డిఫాల్ట్ యూజర్‌నేమ్ తీసేసిన్రా?”

“సాఫ్ట్‌వేర్ గైడ్‌ల ఉన్న పేరు ఎప్పుడో తీసేసినం. పంతులుకు గవన్నీ ఎందుకు?”

పట్టుచీర, నల్ల కళ్లద్దాల తేజస్విని హారతి కళ్లకద్దుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ గైడ్ రాసింది ఆమే. ఆమె డబుల్ ఏజెంట్ అని చీఫ్ అనుమానం.

“పంతుళ్లు అడిగే ప్రశ్న కాదది. గైడ్‌లోది ఉదాహరణ పేరండీ,” అంది చంద్రకాంత్‌తో గుసగుసగా. “సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే తనే ఇంకో పేరు పుట్టిస్తుంది. దానికి పాస్‌వర్డ్ ఉండదు. నన్ను కొన్నవాళ్లు రాయొద్దన్నారు, రాయలేదు.”

“ఇప్పుడెందుకు చెప్తున్నవ్?”

“గోడవతల ఆడవాళ్లు అన్నం తింటున్నారని వాళ్లు చెప్పలేదు.”

“ఆ పేరు?”

“డీబీరూట్.”

నిజమా, ఉచ్చా? తెరమీద రియాక్టర్ వేడి ఎగబాకుతోంది. తొంభై. నూట నాలుగు. చల్లనీళ్ల పంపు ఆగిపోయింది.

ఐలన్న అడ్డొచ్చాడు. “పూజ చేసిన మిషన్ ముట్టొద్దు అయ్యగారూ!”

“దోషముంది, శాంతి చెయ్యాలె. జరుగు!”

ఆ పేరు కొట్టి లోపలికెళ్లాడు: డీబీరూట్. శత్రువును గెంటి దానికి లాక్. పంపు ఆన్. నూట పద్దెనిమిది. పేలడానికి రెండు డిగ్రీలు.

పంపు గుర్రుమంది. అంకె దిగింది.

జీపులో బేడీల చేతులతోనే తేజస్విని గైడ్ సరిచేసింది: “ఈ పేరు ఉదాహరణ మాత్రమే. సాఫ్ట్‌వేర్ పెట్టుకునే పేరు డీబీరూట్. వెంటనే మూసేయండి.” చంద్రకాంత్ ఆ మూడు ముక్కలనే చూస్తూ కూర్చున్నాడు. అవి లేకే అక్క పోయేది.

ఆ పేజీ ఫ్యాక్టరీలన్నిటికీ మెయిల్‌లో వెళ్లింది. మర్నాడు హెడ్‌క్వార్టర్స్‌కు ఓ ఫ్యాక్టరీ నుంచి ఒక్కటే ఫోన్ వచ్చింది.

“సార్, మెయిల్ తెరుద్దామంటే మా యూజర్‌నేమ్ ఏందో ఎవరికీ యాదికి లేదు.”