ఏడో చప్పుడు

"మా నాన్నను నేనే చంపానండీ," అంది కొరిన్, కుర్చీలో కూర్చోకముందే.

డిటెక్టివ్ హెస్టర్ టీగ్ ఆఫీసు మెట్లెక్కేవాళ్లంతా తాము ఏ పాపమూ ఎరగమని చెప్పుకోవడానికే వస్తారు. చేశానంటూ వచ్చిన మనిషిని ఆమె సహాయకుడు నోలన్ ఈ తొమ్మిదేళ్లలో చూడలేదు. కాఫీ కప్పు అందించాడు. ఆ పిల్ల అందుకోకపోయేసరికి, తనే బల్ల మీద పెట్టాడు.

"షెరీఫ్ ప్రమాదమని రాశాడు కదమ్మా," అంది హెస్టర్.

"రాశాడు. నా గుండు ఇనప పలకకు తగిలి వెనక్కొచ్చి నాన్న మెడలో దిగిందట. ఐదు వారాలుగా ఊరంతా నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. క్లబ్బులో ఉండే డెల్బర్ట్ బాబాయ్ ఒక్కడే ప్రతి ఆదివారం ఏదైనా వండి పట్టుకొస్తాడు. నిన్ను నువ్వు క్షమించుకో అంటాడు. నావల్ల కావట్లేదు. అదెలా జరిగిందో ఎవరైనా తేల్చి చెప్పండి. ఆ తర్వాత నేను బతకాలా వద్దా అన్నది నేను చూసుకుంటాను."

చివరి మాట ఆమె కన్నీళ్లు లేకుండా అంది. నోలన్‌కు భయం వేసింది.

ఆ మోంటానా లోయలో షూటింగ్ క్లబ్బంటే తెలియనివాళ్లు లేరు. కొరిన్ తండ్రి ఎమ్మెట్‌కు రెండేళ్ల కిందట రక్తంలో సీసం ఎక్కువగా తేలింది. అప్పటినుంచి పట్టుబట్టి, దగ్గరనుంచి ఇనప పలకల్ని కొట్టే బరిలో సీసం గుండ్లు మాన్పించాడు. వాటి బదులు పొడిగుండ్లు వచ్చాయి. రాగి పొడి, తగరం పొడి కలిపి అచ్చులో నొక్కి చేస్తారు. ఇనుముకు తగిలాయా, పిండైపోతాయి. ముక్కలు మొహం మీదకు ఎగిరిరావు. అక్కడివాళ్లు వాడిన ఇత్తడి గొట్టాల్లో మందు కూరి, గుండు పెట్టి, తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. పొడిగుండుతో కాస్త జాగ్రత్త కావాలి. గొట్టం అంచును గట్టిగా నొక్కితే గుండు నడుము మీద గీత పడి బిస్కట్టులా పగులుతుంది.

"నీ రివాల్వర్లో ఎన్ని తూటాలు?" అడిగింది హెస్టర్.

"ఆరు. ఎదురుగా ఆరు పలకలు. ఆరూ పడ్డాయి. నవ్వుతూ వెనక్కి తిరిగాను. నాన్న అప్పటికే కుర్చీలోంచి జారిపోయాడు."

మర్నాడు శవపరీక్ష కాగితాలు తెప్పించారు. గుండు ఫోటోను హెస్టర్ చాలాసేపు చూసి నోలన్ ముందుకు తోసింది. పొడిగుండే. ముక్కు కాస్త నలిగింది. నడుము చుట్టూ లోతైన గీత, దాని వెంబడి సన్నని పగులు. మిగతాదంతా నిండుగా ఉంది.

"ఏం కనిపించింది?"

"గుండు కనిపించింది మేడమ్."

"సరిగ్గా చెప్పావు," అంది ఆమె. అది మెచ్చుకోలో వెక్కిరింతో నోలన్‌కు తెలియలేదు.

ఎమ్మెట్ కోటు జేబులో దొరికిన కవరు కూడా వచ్చింది. లోపల, సీసం తగిలితే ఎర్రబడే పరీక్ష దూది పుల్ల ఉంది. కొస ఎర్రగా మారింది. కవరు మీద పెన్సిలుతో 'జోసీ కుర్చీ' అని రాసి ఉంది.

క్లబ్బు సెక్రటరీ వెర్నా నోరు పెద్దది. "ఎమ్మెట్ చాదస్తం భరించలేక చచ్చాం! కొరిన్ కొట్టిన రోజా? చప్పుళ్లు లెక్కపెట్టే టైమర్ నా చేతిలోనే ఉంది. ఏడు చప్పుళ్లు చూపించింది. నేను ఆరని రాశాను."

"ఎందుకు?"

"ఆరు గుళ్ల తుపాకి ఏడు పేలుస్తుందా ఏంటి! పక్క బరి చప్పుడు కూడా ఆ వెధవ టైమర్ లెక్కేసుకుంటుంది. మాకిది మామూలే, కొట్టేసి రాస్తాం."

"ఆరోజు పక్క బరి తెరిచే ఉందా?"

లేదని ఒప్పుకుంది వెర్నా. పక్క బరికి ఆరోజు గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. వెర్నా, కొరిన్ భర్త గార్త్, బరుల పెద్ద డెల్బర్ట్.

గార్త్ మామగారితో గొడవపడ్డ మాట దాచలేదు. "అవును, పడేది కాదు. ఆయన పోయాడని నేను ఏడవలేదు. నా పెళ్లాం ఇలా అయిపోయిందని మాత్రం ఏడుస్తున్నా. ఆ టైమ్‌లో కాఫీ దగ్గరున్నా. చూసినవాళ్లెవరూ లేరు."

డెల్బర్ట్ వాళ్లను వంటింట్లో కూర్చోబెట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పొయ్యి మీద సీసం కరిగించే మూకుడు, పక్కనే చిన్నపిల్ల కూర్చునే ఎత్తు కుర్చీ ఉన్నాయి. కూతురు పనికి పోతే మూడేళ్ల మనవరాలు జోసీని చూసుకునేది ఆయనే.

"యాభై ఏళ్లుగా సీసం కరిగించి గుండ్లు పోస్తున్నా. ఏమైంది నాకు? గుండంటే అది. ఆ పొడిగుండ్లూ ఓ గుండ్లేనా? ఇనుమైతేనేం, మనిషైతేనేం, తగిలితే పిండే!" అన్నాడు నవ్వుతూ. వెంటనే కళ్లు తుడుచుకున్నాడు. "పాపం ఆ పిల్ల. ఎవరి చేతుల్లోనైనా జరిగేదే."

ఆ క్లబ్బులో సభ్యుడు పోతే ప్రతి ఒక్కరూ అతను వాడిన గుండ్ల పెట్టెలోంచి తీసిన గుండుతో, తమ చేత్తో ఒక తూటా తయారుచేసి, దాని మీద పేరు రాసి, చివరి మర్యాదగా పేలుస్తారు. ఎమ్మెట్‌కు ఆ మర్యాద జరగలేదు. ఇప్పుడు జరపమని హెస్టరే కోరింది.

శనివారం పొద్దున అందరూ తూటాలు తెచ్చారు. గుమ్మం దగ్గర షెరీఫ్ నిలబడ్డాడు. హెస్టర్ తూటాల పళ్లేన్ని దగ్గరకు లాక్కుని, తూటాను తలలో బిగించి కొడితే గుండు ఊడిపడే సుత్తి అందుకుంది.

"పేల్చే ముందు ఒక్క మాట. ఇనుముకు తగిలిన పొడిగుండు ఏమవుతుంది?"

"పిండవుతుంది," అంది వెర్నా.

"ఎమ్మెట్ మెడలోంచి తీసిన గుండు నిండుగా ఉంది. అది ఏ పలకకూ తగల్లేదు. నేరుగా మనిషిలోకే వెళ్లింది. కొరిన్ ఆరు గుండ్లూ ఆరు పలకల మీద పిండయ్యాయి. ఏడో చప్పుడు తాళం వేసిన పక్క బరిలోది. మధ్య గోడ చెక్కల సందులోంచి ఎమ్మెట్ కుర్చీ కనిపిస్తుంది, చూసొచ్చాను."

 గార్త్ కొరిన్ భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"చంపినవాడు పొడిగుండును అసహ్యించుకునేవాడు. ఎప్పుడూ వాడినవాడు కాదు. ఒంట్లో కూడా పొడైపోతుంది, పలకనుంచి ఎగిరిన తునకలనుకుంటారు అని లెక్కేసుకున్నాడు. మెత్తటి కండలో అది పొడైపోదు. ఇంకో సంగతి, సీసానికి అలవాటుపడ్డ చెయ్యి గొట్టం అంచును గట్టిగా నొక్కేస్తుంది."

ఒక్కో తూటానూ సుత్తిలో బిగించి బల్ల మీద కొట్టింది. వెర్నా గుండు నున్నగా బయటపడింది. గార్త్‌దీ అంతే. మూడో దెబ్బకు రాలిన గుండు నడుము చుట్టూ లోతైన గీత, దాని వెంబడి సన్నని పగులు. నోలన్ పక్కనే ఫోటో పెట్టాడు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"పేరు చదువు," అంది హెస్టర్.

"డెల్బర్ట్."

ముసలాయన కాదనలేదు. "జోసీ కుర్చీకి ఎమ్మెట్ ఆ సీసం పుల్ల రుద్దాడు. పిల్ల ఒంట్లోకి సీసం నా వంటింట్లోంచే పోతోందన్నాడు. సోమవారంలోగా నీ కూతురికి నువ్వు చెప్పు, లేదా నేను చెప్తానన్నాడు. చెప్తే పిల్లను మళ్లీ నా గడప తొక్కనిస్తారా?"

"ఆ తర్వాత సీసం పొయ్యడం మానేశావా?" అడిగింది హెస్టర్.

డెల్బర్ట్ అడ్డంగా తల ఊపాడు. ఎమ్మెట్ ప్రాణం పోయినా ఆ పసిదాని ఒంట్లోకి సీసం ఇంకా పోతూనే ఉందని నోలన్‌కు అర్థమైంది.

కొరిన్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఐదు ఆదివారాలు నా కళ్లు తుడిచావు బాబాయ్. నిన్ను నువ్వు క్షమించుకో అన్నావు. ఎందుకొచ్చేవాడివి?"

"నువ్వే చంపావని ఇంకా నమ్ముతున్నావో లేదో చూసుకోవడానికి," అన్నాడు డెల్బర్ట్, ఎప్పటిలాగే మెత్తగా.

 షెరీఫ్ అతని చేతులకు సంకెళ్లు వేశాడు. తలుపు దాకా వెళ్లి ముసలాయన కొరిన్ వైపు తిరిగాడు. "నా కూతురికి మాత్రం ఆ సీసం సంగతి చెప్పకమ్మా. నీకు దండం పెడతా. పిల్ల నన్ను తలచుకోవాలి."

కొరిన్ పళ్లెంలోంచి తన పేరున్న తూటా తీసి రివాల్వర్లో పెట్టింది.  బరిలోకి నడిచి ఒక్కసారి పేల్చింది. పలక పడింది. రాగి పొడి సన్నగా లేచి సర్దుకుంది.

వెనక్కి వచ్చి తుపాకి భర్త చేతికిచ్చి, కారు తాళాలు అడిగింది.

"ఎక్కడికి?" అన్నాడు గార్త్.

"జోసీ వాళ్లమ్మ దగ్గరికి. నాన్న సోమవారం చెప్పాలనుకున్న మాట, ఇప్పటికే ఐదు వారాలు ఆలస్యమైంది."

షెరీఫ్ కారు వెనక సీట్లోంచి డెల్బర్ట్ అద్దం మీద అరచేతులతో బాదుతున్నాడు. ఆమె అటు చూడకుండా బండి స్టార్ట్ చేసింది.