ఆదివారం తీసేసిన చెవులు

బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఏన్కూరులోని ఆ ఇంట్లో మిక్సీ తిరుగుతోంది, కుక్కర్ కూత పెడుతోంది, బయట రోడ్డు మీద మిర్చి లారీ హారన్ కొడుతోంది. నెల క్రితం దాకా ఆరోగ్యమ్మకు ఈ మూడింటిలో ఒక్కటీ వినబడేది కాదు. ఇప్పుడు మూడూ వినబడుతున్నాయి. మూడింటి మీదా ఆమెకు ఫిర్యాదులున్నాయి.

"ఆ మిక్సీ ఏంది బిడ్డా, ఇంట్ల ట్రాక్టర్ నడిపినట్టు! ఎప్పుడూ గిట్లనే మొత్తుకుంటదా?"

"పదేళ్ల నుంచి ఇదే మిక్సీ, ఇదే మోత అత్తమ్మా. మీరే కొత్తగా వచ్చారు," అంది కోడలు ఆరాధన, డ్యూటీకి డబ్బా సర్దుకుంటూ. ఆమెది సత్తుపల్లి, ఊళ్లోని సర్కారు దవాఖానాలో నర్సు. భర్త ప్రభు కొత్తగూడెంలో గని డ్యూటీ చేస్తూ ఆదివారాలు ఇంటికొస్తాడు. అత్తను ఖమ్మం తీసుకెళ్లి చెవులు పరీక్ష చేయించిందీ, మిషన్లు పెట్టించిందీ ఆరాధనే.

మిషన్లంటే ఆరోగ్యమ్మ జేబులో డబ్బా, దాన్నుంచి వేలాడే తీగ అనుకుంది. తీరా చూస్తే చిక్కుడు గింజంత ఉన్నాయి. ఒక్కో చెవి వెనక ఒక్కోటి పెట్టి, సన్నటి తీగను చెవిలోకి దించారు. వాటిని పెట్టిన కళ్యాణి అనే అమ్మాయి ముందే చెప్పింది, ఇన్నేళ్లుగా మూతబడ్డ శబ్దాలన్నీ ఒక్కసారే మీద పడతాయి, ఓపిక పట్టాలని. ఆ అమ్మాయే ప్రతి బుధవారం ఫోన్ చేసి పదికి ఎన్ని మార్కులిస్తారని అడుగుతుంది. మొదటివారం ఆరోగ్యమ్మ రెండిచ్చింది. ఫ్యాను చప్పుడుకు వాన పడుతుందేమోనని ఆరేసిన బట్టలన్నీ తెచ్చి లోపల కుప్పేసిన వారం అది. కళ్యాణి ఖమ్మంలో కూర్చునే ఫోన్ ద్వారా ఏదో సరిచేసింది. రెండోవారం నాలుగు, మూడోవారం ఆరు.

ఈ రోజు ఫోన్ మోగగానే ఆరోగ్యమ్మ స్పీకర్ నొక్కి, అడక్కముందే చెప్పేసింది. "ఏడు రాస్కో బిడ్డా. పాలు పొంగే చప్పుడు కూడ ఇనబడుతున్నది. మా ఆయన చెప్పులు ఏ సందుల ఉన్నయో ఇంట్ల కూసోనే చెప్తున్న."

"మంచిదమ్మా! గని ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. ఎన్ని గంటలు పెట్టుకున్నరో మిషన్లే నాకు చెప్తయి. రోజూ పన్నెండు గంటలు మస్తుగ పెట్టుకుంటున్నరు. ఆదివారం వచ్చేసరికి నాలుగు గంటలే. నాలుగు ఆదివారాలూ అంతే. ఏమన్న నొప్పి పెడుతున్నయా?"

ఆరోగ్యమ్మ ముఖం దొంగతనం బయటపడ్డట్టు అయిపోయింది. "ఏం లేదు బిడ్డా, తర్వాత మాట్లాడత," అని ఫోన్ పెట్టేసింది. కానీ ఆరాధన అప్పటికే డబ్బా బల్ల మీద పెట్టి ఇటు తిరిగింది.

ఆదివారమంటే ఆ ఇంట్లో మందిరం. మందిరమంటే ఆరోగ్యమ్మ పాట. ముప్పై రెండేళ్లుగా పాస్టరు గారు పాట నంబరు చెప్పగానే మొదటి చరణం ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. ఊళ్లో ఆమెను పేరుతో పిలిచేవాళ్లకంటే పాటల ఆరోగ్యమ్మ అనేవాళ్లే ఎక్కువ. ఆ పాట చెడిపోకూడదనే ఆరాధన అంత పట్టుబట్టి మిషన్లు పెట్టించింది.

"మందిరంలో తీసేస్తున్నారా అత్తమ్మా? అసలు అక్కడి కోసమే కదా ఇవి!"

"మైకు మోత ఎక్కువుంటదమ్మా. తల నొస్తది."

"మిక్సీకి నొప్పి పుట్టని తల మైకుకు పుడుతుందా? నిజం చెప్పండి."

"చెప్పిన గద! ఏందీ పంచాయితీ పొద్దుగాల?"

ఆరాధన గొంతు పెరిగింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచడం కొత్త కాదు. అత్తకు వినబడాలని ఏళ్ల తరబడి అరిచి అరిచి, వీధిలో అత్త మీద కేకలేసే కోడలని పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఆమెను ఎంత కోసిందో ఎవరూ అడగలేదు.

"పంచాయితీ నాది కాదు. మొన్న సంఘ పెద్దలు నన్ను ఆపి అడిగారు, కోత పండుగ నుంచి పాటలు యూత్‌కి ఇచ్చేద్దామా అని. ఒక్క నెల ఆగండి, మా అత్తమ్మకు మిషన్లొచ్చాయి అని నేను బతిమాలుకున్నాను. మీరేమో వాటిని గుమ్మం దగ్గరే తీసేస్తున్నారు! రేపు వాళ్లకు ఏం చెప్పను?"

"నా పాటకేమైంది?" ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. "ఎవరికి బాగలేదంట?"

గడపలో కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్న మనవరాలు అక్సా తల ఎత్తలేదు. ఇంటర్ చదివే అక్సా మందిరంలో కీబోర్డు వాయిస్తుంది.

"నువ్వు చెప్పవే అక్సా. నా పాట బాగలేదా?"

"బాగుంటది నానమ్మా," అంది అక్సా. తర్వాత ఏమనుకుందో, ఏడుపు గొంతుతో అంతా కక్కేసింది. "నువ్వు ఒక్కోసారి బాగ పైకి ఎత్తుకుంటవ్. చరణానికొచ్చేసరికి ఇంకా పైకి పోతవ్. నేను బొత్తాం నొక్కి శృతి మారుస్త. ఒక్కో పాటల మూడుసార్లు మారుస్త. అందరు నన్ను చూస్తరు, నేను తలూపినంక పాడుతరు. రెండేండ్ల సంది గిట్లనే చేస్తున్నం."

ఆరోగ్యమ్మకు ఆ మాటల్లో ఒక్కటీ తప్పిపోలేదు. మిషన్లు బాగానే పనిచేశాయి. రెండేళ్లుగా తాను పాడుతుంటే అందరూ తనవైపు చూసి నవ్వే నవ్వును మెప్పనుకుంది. వాళ్లు తనను మోస్తున్నారు. చంటిదాన్ని చంకనేసుకున్నట్టు సంఘమంతా కలిసి మోస్తోంది.

ఆమె మెల్లగా రెండు మిషన్లూ తీసి, పెట్టెలో పెట్టి, మూత వేసి, కోడలి ముందుకు జరిపింది. "నాకొద్దు ఇవి," అని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడినా వినిపించుకోలేదు, అది తేలికే కదా. ఆదివారం కోత పండుగ. ప్రతి ఇంటి నుంచీ మొదటి కోతలో కొంత మందిరానికి తీసుకెళ్లాలి. వాళ్లకున్న రెండెకరాల్లో పండింది మిర్చి. శుక్రవారం మధ్యాహ్నం పెరట్లో చాప మీద మిరపకాయలు పోసుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చుంది ఆరోగ్యమ్మ.

ఆమె భర్త యేసుదానం వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు. వైరా రూట్లో ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పిలిస్తే రోడ్డవతల ఉన్నవాళ్లు కూడా తిరిగి చూస్తారు. అలాంటివాడు నోరు విప్పకుండా మిషన్ల పెట్టె ఆమె ఒళ్లో పెట్టి, పెట్టుకోమని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చేతులు జోడించాడు.

మిర్చి ఘాటంటిన చేతులు కడుక్కొచ్చి, సణుగుతూనే పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఏంది?"

"ముప్పై ఏండ్లు బస్సుల అరిచిన. ఆ తర్వాత ఇంట్ల నీతోని అరిచిన," అన్నాడు యేసుదానం, పక్కింటికి కూడా వినబడనంత మెల్లగా. "ఇది అరిచి అడిగే మాట కాదు ఆరోగ్యం. ఆదివారం ఎందుకు తీస్తున్నవ్?"

ఆయన అంత మెల్లగా మాట్లాడటం విని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు. ఆ మెత్తదనానికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకు యాదికి లేదా? బాప్తిస్మం నాడు వాగు గట్టు మీద నా కమ్మలు తీసి మా అమ్మ చేతుల పెట్టిన. ఈ చెవులకు ఇంకేదీ పెట్టనని ప్రభువుకు మాటిచ్చిన. నలభై నాలుగేండ్లాయె, చెవి బెజ్జాలు గూడ పూడిపోయినయి. ఇంట్లనంటే ఏదో పెట్టుకుంటున్న. ఆయన సన్నిధికి చెవులకు తగిలించుకొని ఎట్ల పోవాలె? ముసుగు కింద మనుషులకు కనబడదు. ఆయనకు కనబడదా?"

యేసుదానం నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు. తన భార్య నెల రోజులుగా ఇంత బరువు ఒక్కతే మోసిందా అనిపించింది.

"ఆ రోజు టవల్ పట్టుకొని గట్టు మీద నిలబడ్డది నేనే. నువ్వు సగం మాటే యాదికుంచుకున్నవ్. ఈ చెవులకు ఏదీ పెట్టను అన్నవ్, అవ్. ఆ ఎంబడే, ఇవి నీ మాట వినడానికే ఉంచుకుంట ప్రభువా అన్నవ్. నడుములోతు నీళ్లల్ల వణుక్కుంట అన్నవ్. నేనిన్న."

ఆరోగ్యమ్మ చెవి వెనక మిషన్‌ను వేలితో తడుముకుంది.

"మరి ఇప్పుడేం చేస్తున్నవ్? ఆరు రోజులు మిక్సీ మోత ఇనుడు, ఏడోనాడు ఆయన మాట ఇనకుండ చెవులు తీసి సంచిల ఏసుడు. నేను ఈ కండ్లద్దాలు తీసి పక్కన పెట్టి బైబిలు చదువుతనంటే నువ్వు ఊకుంటవా?"

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడే అసలు మాట బయటికొచ్చింది.

"మొక్కు ఒక్కటే కాదయ్యా. ఎవ్వరు లేనప్పుడు ఇవి పెట్టుకొని ఒక పాట పాడి చూసిన. అది నా గొంతు కాదు. ఎవరో ముసల్ది పాడినట్టున్నది. భయమేసింది."

"ఆ ముసల్దాని పాట నేను రోజూ ఇంటున్న," అన్నాడు యేసుదానం. "నాకు మంచిగనే ఉన్నది. శృతి సంగతంటవా, అది నీ మనవరాలు చూసుకుంటది. పోయి అడుగు."

శనివారం సాయంత్రం నానమ్మా మనవరాలూ గది తలుపేసుకుని గంటసేపు కూర్చున్నారు. అక్సా ఒక స్వరం వాయిస్తే ఆరోగ్యమ్మ అందుకోవాలి. నాలుగుసార్లలో రెండుసార్లు అందింది. డ్యూటీ నుంచి వచ్చిన ఆరాధన అలవాటుగా వీధి అదిరేలా అరిచింది. "అత్తమ్మా! టీ తాగుతారా?"

తలుపు తెరుచుకుంది. "మెల్లగ బిడ్డా, ఇక్కడనే ఉన్న," అంది ఆరోగ్యమ్మ. దగ్గరకొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "నా కోసం అరిచి అరిచి పేరు చెడగొట్టుకున్నవ్. ఇగ అరవకు. అంత గట్టిగ అరిస్తే నాకే చెవులు నొస్తున్నయి." ఆరాధన నవ్వబోయి, అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

కోత పండుగనాడు మందిరం కిక్కిరిసింది. వేదిక ముందు పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఐదు సంచుల మిర్చి. ఫ్యాన్లు వేయగానే మిర్చి ఘాటుకు ముందు వరసలోంచి తుమ్ములు మొదలయ్యాయి. ఏటా ఉండేవే, ఆరోగ్యమ్మకు మాత్రం ఎంతోకాలం తర్వాత వినబడ్డాయి. ముసుగు చెవుల మీద నుంచి కాస్త వెనక్కి జరుపుకుని ఆమె మైకు దగ్గరికి నడిచింది. మిషన్లు అందరికీ కనబడ్డాయి.

పాస్టరు గారు నంబరు చెప్పారు. అక్సా వేలు అలవాటుగా బొత్తాం మీదికి పోయింది. ఆరోగ్యమ్మ అది చూసి తల అడ్డంగా ఊపింది, వద్దని.

ఎత్తుకుంది. మొదటి పంక్తి సగంలోనే ఆమెకు తెలిసిపోయింది, పైన ఎక్కడో ఉంది తన గొంతు, కీబోర్డు కింద ఎక్కడో ఉంది. రెండేళ్లుగా ఇదే జరిగింది, వినబడలేదంతే. ఆమె ఆగిపోయింది. రెండో వరసలో సంఘ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆరాధన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆగుండ్రి," అంది ఆరోగ్యమ్మ మైకులోనే, నింపాదిగా. "పైకి పోయిన. మళ్ల ఎత్తుకుంట. అక్సా, ఒక్కసారి వాయించు బిడ్డా."

అక్సా వాయించింది. ఆరోగ్యమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఈసారి కిందికి దిగి, కీబోర్డు ఉన్నచోటే పాట అందుకుంది. ముసలి గొంతే. కొంచెం వణుకుతోంది కూడా. అయినా శృతి మీద నిలబడింది. ఎవరూ అక్సావైపు చూడలేదు, ఎవరి తలాడింపు కోసమూ ఎదురుచూడలేదు. రెండో పంక్తికి మందిరమంతా ఒక్క గొంతుగా వచ్చి చేరింది. ఇన్నాళ్లూ పెదాలు కదలడం చూసి పాడుతున్నారని తెలుసుకునేది. ఇప్పుడు తుమ్ములతో సహా అన్నీ వినబడుతున్నాయి. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, పాట మాత్రం ఆగలేదు.

ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన దగ్గరికొచ్చి, "వచ్చేవారం కూడా మీరేనమ్మా," అన్నాడు.

"నేనే. గని రెండో పాటకు ఇంకొకరిని చూస్కుంటున్న," అంది ఆరోగ్యమ్మ. ఎవరినో చెప్పలేదు. అసలు ఆమెకే ఇంకా తెలియదు.

బుధవారం పొద్దున ఫోన్ మోగింది. ఆరోగ్యమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఇంట్లో మిక్సీ ఆగి ఉంది.

"అమ్మా, నేను కళ్యాణిని! ఈసారి ఆదివారం గూడ పన్నెండు గంటలు చూపిస్తున్నది. సంతోషమమ్మా! ఈ వారం ఎన్ని మార్కులు?"

ఆరోగ్యమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. వంటింట్లోంచి ఏదో వస్తోంది. ఎవరూ వినడం లేదనుకున్న గొంతు, అంట్లు తోముకుంటూ తనలో తాను పాడుకుంటున్న గొంతు. ఆదివారం పాటే. ఎంత మెత్తగా ఉందో, ఎంత సరిగ్గా శృతి మీద ఉందో. పందొమ్మిదేళ్లుగా ఈ కోడలు అరవడమే తప్ప పాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

"అమ్మా? ఇనబడుతున్నదా?"

"ఇనబడుతున్నది బిడ్డా," అంది ఆరోగ్యమ్మ గుసగుసగా. "జర ఆగు. లోపల మా కోడలు పాడుతున్నది. అయినంక చెప్త."